క్యాన్సర్‌కు రెండో అభిప్రాయం కోసం బ్లాకులు, స్లైడ్లు, ఫైలు ఎలా సిద్ధం చేసుకోవాలి?

రెండో అభిప్రాయం కోసం ముంబయికో హైదరాబాదుకో బయలుదేరేవాళ్ల చేతిలో సంచి నిండా కాగితాలుంటాయి. అక్కడ మొదట అడిగే ప్రశ్నకు మాత్రం జవాబుండదు: "బ్లాకులు తెచ్చారా?" తేలేదు. అసలు ఆ మాటే వినలేదు. బ్లాకంటే బయాప్సీలో, అంటే ముక్క పరీక్షలో, తీసిన ముక్కను మైనంలో పెట్టి ల్యాబులో దాచినది. మళ్లీ ఊరికి రైలు, ల్యాబు చుట్టూ ప్రదక్షిణలు, మళ్లీ వెనక్కి ప్రయాణం. ఈలోగా పది పదిహేను రోజులు గాలికి పోతాయి. బంధువులకూ ఇరుగుపొరుగుకూ ఈ పని చేసిపెడుతూ, ఎక్కడ చూసినా ఇదే తంతు చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. అందరికీ రెండో అభిప్రాయానికి వ్యవధి ఉండదు. ఎక్యూట్ ల్యుకేమియా (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్) అన్నారంటే, ఊపిరి ఆడటం లేదంటే, వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడుతున్నాయంటే ఊళ్లు పట్టుకుని తిరగకండి. ఉన్నచోటే చికిత్స మొదలుపెట్టించండి. రొమ్ము, పెద్దపేగు, నోరు, ఊపిరితిత్తుల్లో గడ్డల్లాంటి వాటికి సాధారణంగా వారం పది రోజుల వెసులుబాటు ఉంటుంది. ఎంత ఉందో చూస్తున్న డాక్టరునే సూటిగా అడగండి. వెళ్లేదేదో మొదటి కీమోకు ముందే వెళ్లాలి, తర్వాత కాదు. ఎందుకో కింద చెబుతాను.

కాగితాలు: ఒక్క పూట పని

బయాప్సీ రిపోర్టు, ఐహెచ్‌సీ (ముక్కలోని ప్రోటీన్లను రంగులతో గుర్తించే పరీక్ష) రిపోర్టు, స్కానింగుల రిపోర్టులు, వాటి సీడీలు, ఆపరేషన్ అయి ఉంటే ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జ్ సమ్మరీ, కీమో ఇచ్చి ఉంటే ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు ఏ తేదీన ఇచ్చారో తెలిపే చార్టు, బీపీ, షుగరు మందుల చీటీ. తేదీల వరుసలో, పాతది కింద, కొత్తది పైన. రెండు జిరాక్స్ సెట్లు. లామినేషన్ చేయించకండి, స్టాంపు వేయడానికి పనికిరాదు.

ఆసుపత్రి రికార్డులు ఇవ్వడానికి తటపటాయిస్తే రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం రోగి గానీ రోగి తరఫున అధికారం ఉన్నవారు గానీ కోరిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. స్కానింగు సీడీ తెరుచుకుంటుందో లేదో ఇంట్లోనే కంప్యూటర్‌లో పెట్టి చూసుకోండి. కొన్ని సీడీలు ఖాళీగా ఉంటాయి. ఫిల్మును కిటికీకి ఆనించి ఫోనుతో తీసిన ఫొటో దేనికీ పనికిరాదు.

మనవాళ్ల దగ్గర ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేర్లది. ఆధార్‌లో మహాలక్ష్మి, బయాప్సీ రిపోర్టులో లక్ష్మి, స్కానింగులో ఇంటిపేరు ముందొచ్చి వయసు నాలుగేళ్లు తేడా. ఇవన్నీ ఒకే మనిషివని కౌంటర్లో కూర్చున్నవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇక్కడుండగానే దిద్దించుకోండి. రోగికి విషయం తెలియకూడదని రిపోర్టు పైభాగం కత్తిరించి తెచ్చేవాళ్లూ ఉన్నారు. జబ్బు పేరుతోపాటు ల్యాబు నంబరు కూడా కత్తెరలో పోతుంది.

అసలు వస్తువు బ్లాకు

ముక్క పరీక్షకు పంపిన కండ ల్యాబులో ఏమవుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. ముక్కను ఫార్మలిన్‌లో (కండ చెడిపోకుండా కాపాడే ద్రవంలో) నానబెట్టి, నీరు తీసేసి, కరిగించిన మైనంలో పెట్టి గడ్డకట్టిస్తారు. అదే బ్లాకు. రెండు వేళ్ల మధ్య ఇమిడే ప్లాస్టిక్ గూడు, దాని వాలుగా ఉన్న అంచు మీద పెన్సిల్‌తోనో మిషనుతోనో వేసిన నంబరు, తెల్లటి మైనంలో బియ్యపుగింజంత గోధుమరంగు ముక్క. సూది బయాప్సీ అయితే అది సన్నని దారపు పోగులా ఉంటుంది. దాన్ని మూడు నాలుగు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన కోసి గాజుపలక మీద అతికించి గులాబీ, ఊదా రంగులు వేస్తే స్లైడు.

రిపోర్టు ఒక పాథాలజిస్టు, అంటే ముక్కలను పరీక్షించే డాక్టరు, స్లైడు చూసి రాసిన అభిప్రాయం. రెండో అభిప్రాయం అంటే మరో పాథాలజిస్టు అదే స్లైడును తన కళ్లతో చూడటం. రిపోర్టు మాత్రమే చూపించి తెచ్చుకునేది మొదటి అభిప్రాయం మీద అభిప్రాయం, అంతే. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులు బయటి స్లైడ్లను తమ దగ్గర మళ్లీ చదివాకే చికిత్స నిర్ణయించడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి, నా దృష్టిలో ఇదే ముఖ్యం. ఈ పదేళ్లలో క్యాన్సర్ చికిత్సలో వచ్చిన మార్పుల్లో చాలా భాగం ఆ మైనపు ముక్క మీదే ఆధారపడ్డాయి. రొమ్ము క్యాన్సర్‌లో హెర్-2 అనే ప్రోటీనును 0, 1+, 2+, 3+ అని లెక్కిస్తారు. 3+ పాజిటివ్, 2+ అయితే ఫిష్ అనే మరో పరీక్షతో తేల్చాలి, 0, 1+ రెండూ నెగెటివ్ అని ఏళ్ల తరబడి ఒకే గాట కట్టేశారు. 2022 జూన్‌లో డెస్టినీ-బ్రెస్ట్04 అధ్యయనం వచ్చింది. శరీరంలో ఇతర భాగాలకు పాకి, అప్పటికే కీమో తీసుకుని, హెర్-2 1+ గానీ, ఫిష్‌లో నెగెటివ్ వచ్చిన 2+ గానీ ఉన్నవారికి ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు ఇస్తే మధ్యస్థ జీవితకాలం (సగం మంది అంతకంటే ఎక్కువ బతికిన కాలం) 16.8 నెలల నుంచి 23.4 నెలలకు పెరిగింది. అంటే నిన్నటి నెగెటివ్‌లలో ఒక భాగానికి ఇవాళ మందుంది. మీ రిపోర్టులో ఉత్త "నెగెటివ్" అని ఉంటే వెనక్కి వెళ్లి అంకె రాయించుకోండి.

అదే ఏడాది, అదే నెలలో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి నుంచి మరో వార్త. మలాశయ క్యాన్సర్ ఉన్న మొదటి 12 మందికి ఆరు నెలలు డోస్టార్లిమాబ్ అనే మందు ఇస్తే, ఆపరేషన్ లేకుండా, రేడియేషన్ లేకుండా పన్నెండుగురిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. అది అందరికీ పనిచేసే మందు కాదు. ఎంఎంఆర్ (కణం తన డీఎన్ఏలోని తప్పులు దిద్దుకునే ఏర్పాటు) లోపం ఉన్న కొద్దిమందికే. ఆ లోపం ఉందో లేదో తేల్చేది బ్లాకు నుంచి కోసిన ముక్కల మీద చేసే నాలుగు ప్రోటీన్ల పరీక్ష. వార్త చూసి మందు పేరు రాసుకొచ్చేవాళ్లు చాలామంది. ఎంఎంఆర్ పరీక్ష అడిగేవాళ్లు ఎంతమంది?

మొదటి కీమోకు ముందే వెళ్లమన్నది కూడా ఇందుకే. కీమో బాగా పనిచేస్తే ఆపరేషన్‌లో తీసిన కండలో క్యాన్సర్ కణం ఒక్కటీ మిగలకపోవచ్చు. అది శుభవార్తే. అయితే తర్వాత ఏ పరీక్ష చేయాలన్నా కీమోకు ముందు తీసిన ఆ చిన్న ముక్కే దిక్కు.

ల్యాబు నుంచి తెచ్చుకోవడం: ఇక్కడే అందరూ తప్పుతారు

చికిత్స చేసిన ఆసుపత్రిలో బ్లాకు ఉంటుందని అనుకోకండి. చాలా ఆసుపత్రులు ముక్కను బయటి ల్యాబుకు పంపుతాయి. రిపోర్టు మీద ఎవరి పేరుందో వాళ్ల దగ్గరే ఉంటుంది. గొలుసు ల్యాబులైతే మీ ఊళ్లోది కలెక్షన్ సెంటరు మాత్రమే, బ్లాకు మరో నగరంలో ఉంటుంది. ముందు ఫోను చేసి కనుక్కోండి. సన్నని సూదితో కణాలు లాగి చేసే ఎఫ్ఎన్ఏసీ మాత్రమే అయి ఉంటే స్లైడ్లే ఉంటాయి, మామూలుగా బ్లాకు ఉండదు. అప్పుడు లేని బ్లాకు కోసం కౌంటర్లో గొడవపడొద్దు.

వెళ్లేటప్పుడు రిపోర్టు, రోగి గుర్తింపు కార్డు, రోగి సంతకంతో ఒక ఉత్తరం ఉండాలి. అందులో రోగి పేరు, ల్యాబు నంబరు, ఎక్కడికి తీసుకెళ్తున్నారు, ఎందుకు అన్నవి రాయండి. కాగితాలకు చెప్పిన 72 గంటల నిబంధన పేరెత్తి ఇక్కడ గద్దించకండి. బ్లాకును భద్రంగా దాచే బాధ్యత ల్యాబుది. రసీదు రాయించుకునో డిపాజిట్ కట్టించుకునో ఇవ్వడంలో తప్పేమీ లేదు. మర్యాదగా అడిగితే ఒకటి రెండు రోజుల్లో ఇస్తారు.

ఆపరేషన్ తర్వాత అయితే బ్లాకులు ఇరవై ముప్పై కూడా ఉంటాయి. అన్నీ తెచ్చుకోకూడదు. రిపోర్టు చివర ఎ1, ఎ2 అంటూ ఏ బ్లాకు ఎక్కడి నుంచి తీశారో రాసి ఉంటుంది. అటెండరుతో కాకుండా పాథాలజిస్టుతో మాట్లాడి, "గడ్డ ఎక్కువగా ఉన్న బ్లాకు ఇప్పించండి, రంగు వేసిన స్లైడ్లు అన్నీ ఇవ్వండి" అని అడగండి. ఒకే చోట అన్ని బ్లాకులూ ఇచ్చేస్తే, అవి పోయిన రోజున మీ దగ్గర మిగిలేది శూన్యం. కనీసం ఒక మంచి బ్లాకు మొదటి ల్యాబులో ఉండి తీరాలి. సూది బయాప్సీలో ఉండేదే ఒకటి రెండు కాబట్టి అక్కడ ఈ వీలుండదు. అందుకే దాని విషయంలో రెట్టింపు జాగ్రత్త.

ఇప్పుడు చెప్పేది చాలామంది డాక్టర్లు కూడా రోగులకు చెప్పరు. బ్లాకును కోత మిషనుకు బిగించిన ప్రతిసారీ ఉపరితలం చదును చేయడానికి కొన్ని పొరలు వృథాగా పోతాయి. ఈ వారం ఒక పరీక్ష, వచ్చే వారం ఇంకోటి, ఆ పై వారం మరోటి అంటూ పంపితే పరీక్షల వల్ల కాదు, బిగింపుల వల్లే ముక్క అయిపోతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, పీడీ-ఎల్1 పరీక్షలన్నీ చూడాల్సి ఉంటుంది, ముక్క చూస్తే పోగంత. కాబట్టి ఏయే పరీక్షలు కావాలో డాక్టరుతో ముందే జాబితా రాయించి, ఒకేసారి కోయించండి. రంగు వేయని స్లైడ్లు చాలవా అంటారు. కొంతవరకు చాలుతాయి, కానీ కోసి నిల్వ ఉంచిన పొరల్లో కొన్ని ప్రోటీన్లు వారాలు గడిచేకొద్దీ సరిగా పలకవు. బ్లాకు ఉంటే ఆ బెంగ లేదు. నేనైతే బ్లాకు లేకుండా ఎవరినీ రైలెక్కనివ్వను.

కౌంటర్ వదిలే ముందు బ్లాకు మీది నంబరును, స్లైడు మీది నంబరును, రిపోర్టు మీది నంబరును పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. సంవత్సరం అంకెతో సహా. పక్కవాళ్ల బ్లాకు మీ చేతికి రావడం కంటే ఘోరం ఇంకొకటి లేదు. మూడూ కనబడేలా ఫొటో తీసి పెట్టుకోండి.

బయాప్సీ ఇంకా కాలేదా? అయితే ఇంకో జాగ్రత్త. ముక్కను డబ్బాలో పెట్టి "ల్యాబులో ఇచ్చిరండి" అని బంధువు చేతిలో పెట్టడం మన దగ్గర మామూలే. డబ్బాలో ఉన్నది ఏమిటో అడగండి. క్యాన్సర్ పరీక్షలకు కావలసింది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, ముక్క పరిమాణానికి కనీసం పదింతలు. సెలైన్‌లో రాత్రంతా ఉంచితే కణాలు చెడిపోతాయి, తర్వాత ఏ నగరానికి తీసుకెళ్లినా బాగుపడవు. రొమ్ము క్యాన్సర్ అయితే ముక్కను గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలి, 6 నుంచి 72 గంటలు అందులో ఉండాలి. శనివారం సాయంత్రం ఆపరేషన్ చేసి సోమవారం దాకా పట్టించుకోని చోట ఈ లెక్క గుర్తుచేయండి. ఒక్క మినహాయింపు. మెడ గడ్డల్లాంటి వాటిలో టీబీ అనుమానం ఉంటే డాక్టరే ఒక ముక్కను సెలైన్‌లో విడిగా పంపవచ్చు. అది పొరపాటు కాదు.

మోసుకెళ్లడం

స్లైడ్లను స్లైడు డబ్బాలో, బ్లాకులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. రబ్బరు బ్యాండు, స్టేప్లర్ దగ్గరికి రానివ్వొద్దు. మైనం 56 డిగ్రీల దగ్గర మెత్తబడి కరుగుతుంది. మే నెలలో విజయవాడలో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు ఆ వేడిని తేలిగ్గా అందుకుంటుంది. చేతిసంచిలో మీతోపాటే ఉండాలి. కొరియర్ వద్దు, అంతే.

అమెరికా పిల్లలకు ఒక మాట

రిపోర్టులు వాట్సాప్‌లో పంపితే అక్కడి స్నేహితుడి స్నేహితుడైన డాక్టరు చూసి చెబుతాడనే ఏర్పాటు ఇప్పుడు ప్రతి తెలుగింటా ఉంది. అమ్మానాన్నల మీది ప్రేమతో చేస్తారు, కాదనను. కానీ ఆ డాక్టరు స్లైడు చూడడు, రోగిని చూడడు, ఇక్కడి ఖర్చు చూడడు. ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు 2022లో ప్రచురించిన అధ్యయనం చూడండి. నయం చేయలేని దశకు చేరిన తల, మెడ క్యాన్సర్లలో, నోటి ద్వారా ఇచ్చే చవక కీమోకు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఖరీదైన మందు) కలిపారు. మామూలు మోతాదుల్లో ఒకటి 240 మిల్లీగ్రాములు. ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. లక్షలు పెట్టలేని కుటుంబానికి పనికొచ్చే ఇలాంటి సలహా, ఇక్కడి రోగులను రోజూ చూసేవాళ్ల దగ్గరే దొరుకుతుంది. 2012లో ఏర్పడిన క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లో దేశంలోని వందలాది కేంద్రాలున్నాయి. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. ముందు దగ్గరున్నవి చూడండి. పిల్లలు డబ్బు పంపవచ్చు, సెలవు పెట్టి వస్తే ఇంకా మంచిది.

అక్కడికి చేరాక

బ్లాకులు ఇచ్చేటప్పుడు నంబర్లతో సహా రసీదు రాయించుకోండి. డాక్టరు గదిలోకి ఇద్దరే వెళ్లండి, ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. ప్రశ్నలు మూడు చాలు. రోగ నిర్ధారణ మారిందా? మారకపోతే చికిత్స మారాలా? ఆ చికిత్స మా ఊళ్లో చేయించుకోవచ్చా? చాలాసార్లు మూడోదానికి జవాబు అవుననే వస్తుంది. ఆ మాట కాగితం మీద రాయించుకోండి, ఊళ్లోని డాక్టరుకు అదే చూపించాలి.

పని అయ్యాక బ్లాకులు తిరిగి అడగండి. వాటంతట అవి రావు. తెచ్చి మొదటి ల్యాబులో అప్పగించి, తిరిగి ఇచ్చినట్టు వాళ్ల రిజిస్టరులో సంతకం చేయించండి, డిపాజిట్ కట్టి ఉంటే వెనక్కి తీసుకోండి. కొత్త రిపోర్టు జిరాక్స్ ఒకటి అక్కడి పాథాలజిస్టుకు ఇచ్చి రండి. తాను చదివింది సరో కాదో ఆయనకు తెలిసే దారి అదొక్కటే, ఎవరూ ఇవ్వరు.