ఉబుంటు, మింట్ మొరాయిస్తే: ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు గానీ లినక్స్ మింట్ గానీ (రెండూ విండోస్ బదులు వాడే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు) ఎక్కించుకున్నవాళ్లకి ఏదైనా తేడా రాగానే తోచే మొదటి ఆలోచన ఫార్మాట్. దయచేసి తొందరపడకండి. చాలాసార్లు సిస్టమ్ బాగానే ఉంటుంది. డిస్క్ నిండిపోవడమో, డ్రైవర్ లేకపోవడమో, ఒక చిన్న ఫైలు యజమాని మారిపోవడమో అసలు కారణం అవుతుంది. ఆ కారణం తెలుసుకోకుండా ఫార్మాట్ కొడితే నెల తిరక్కుండా అదే సమస్య మళ్లీ రావచ్చు. ఈలోగా ఫొటోలు, ఫైళ్లు పోతాయి.

కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే తెరలో) మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాలతోనే కొట్టాలి.

సమస్య: పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా మళ్లీ లాగిన్ తెరకే వస్తోంది

అందరినీ ఎక్కువ భయపెట్టేది ఇదే. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది. అలా చెప్పకుండా తెర ఒక్క క్షణం నల్లబడి వెనక్కి వస్తోందంటే, పాస్‌వర్డ్ ఒప్పుకుంది కానీ డెస్క్‌టాప్ తెరవలేకపోతోంది అని అర్థం.

లాగిన్ తెర మీదే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్ల తెర మీద యూజర్ పేరు అడుగుతుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనిపించవు, టెన్షన్ పడకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. లోపలికి వెళ్లాక ‘డీఎఫ్ -హెచ్’ అని ఇవ్వండి. వచ్చిన పట్టికలో చివరి గడిలో ఒక్క ఏటవాలు గీత మాత్రమే ఉన్న వరుస చూడండి. అక్కడ 100 శాతం అని ఉంటే దొంగ దొరికినట్టే. తాత్కాలిక ఫైళ్లు రాసుకోవడానికి చోటు లేక డెస్క్‌టాప్ తెరుచుకోవడం లేదు.

ముందు ‘సుడో ఆప్ట్ క్లీన్’ ఇవ్వండి (సుడో అంటే ఆ పనిని అడ్మిన్ హక్కులతో చేయమని). ఇన్‌స్టాల్ అయిపోయాక కూడా మిగిలివున్న ప్యాకేజీ ఫైళ్లన్నీ పోతాయి, కొంత చోటు వస్తుంది. తర్వాత ‘సుడో రీబూట్’. లాగిన్ అయ్యాక అసలు కారణం వెతకాలి. మింట్‌లో అది తరచుగా టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్. సిస్టమ్ నకళ్లను అదే డిస్క్ మీద దాచేలా పెడితే, చిన్న డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అవే చోటంతా తినేస్తాయి. టైమ్‌షిఫ్ట్ తెరిచి పాత నకళ్లు తీసేయండి, రెండు మూడుకు మించి దాచకుండా సెట్టింగ్ మార్చండి. దాన్ని పూర్తిగా ఆపేయమని మాత్రం నేను చెప్పను. అప్‌డేట్ బెడిసికొట్టిన రోజు కాపాడేది అదే.

డిస్క్‌లో చోటు ఉందా? అయితే అదే నల్ల తెరలో ‘ఎల్ఎస్ -ఎల్ఏ’ కొట్టి, చుక్కతో మొదలయ్యే ‘.ఎక్స్‌అథారిటీ’ అనే ఫైలు ఎవరి పేరు మీద ఉందో చూడండి. మీ పేరు ఉండాలి. ‘రూట్’ (అడ్మిన్ ఖాతా) అని ఉంటే సమస్య అక్కడే. కిటికీలతో తెరుచుకునే ప్రోగ్రామ్‌లను సుడోతో నడిపితే ఒక్కోసారి ఇలా అవుతుంది. ‘సుడో ఆర్ఎం .ఎక్స్‌అథారిటీ’ అని దాన్ని తీసేయండి (ఈ పేరులో ఎక్స్ ఒక్కటే పెద్ద అక్షరం). మళ్లీ లాగిన్ అయినప్పుడు సిస్టమే కొత్తది తయారు చేసుకుంటుంది. ఇక నుంచి ఎడిటర్లు, ఫైల్ మేనేజర్లు సుడోతో తెరవకండి.

సమస్య: అప్‌డేట్ తర్వాత తెర నల్లగా ఉండిపోయింది

అప్‌డేట్‌తో కొత్త కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) వస్తుంది. ఎన్విడియా లాంటి గ్రాఫిక్స్ డ్రైవర్ దానితో కుదరకపోతే ఇలా జరుగుతుంది. మంచి విషయం ఏమిటంటే పాత కెర్నల్ ఇంకా లోపలే ఉంటుంది. ఆన్ చేయగానే, కంపెనీ లోగో పోతుండగా ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. బాగా పాత మెషీన్లయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. అప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో (ఏ సిస్టమ్ తెరవాలో ఎంచుకునే జాబితాలో) ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ లోకి వెళ్లి, పైదాని కంటే తక్కువ నంబరు ఉన్న కెర్నల్ ఎంచుకోండి. అది తెరుచుకుంటే డ్రైవర్ మేనేజర్‌లో (ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’లో) ‘రికమెండెడ్’ అని ఉన్న డ్రైవర్ వేసి, అప్పుడు కొత్త కెర్నల్‌తో ప్రయత్నించండి.

సమస్య: ‘లాక్ దొరకలేదు’ అంటూ ఇన్‌స్టాల్ ఆగిపోయింది

వెనకాల సిస్టమ్ తనంతట తాను అప్‌డేట్లు వేసుకుంటోంది. టీ తాగి రండి, అంతే. లాక్ ఫైలును డిలీట్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. రెండు ఇన్‌స్టాల్‌లు ఒకేసారి నడిస్తే ప్యాకేజీల చిట్టా చెడిపోతుంది. మధ్యలో కరెంటు పోయి ఆగిపోయి ఉంటే మాత్రం ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ సగంలో ఉన్న పనిని పూర్తి చేస్తుంది.

సమస్య: వైఫై అసలు కనిపించడం లేదు

బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. వాటిలో చాలావాటికి కంపెనీ డ్రైవర్ విడిగా వేయాలి. దాన్ని దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి ఆ డ్రైవర్ కావాలి! ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్ దాన్ని వైరు నెట్‌వర్క్‌గా గుర్తిస్తుంది. అప్పుడు డ్రైవర్ మేనేజర్ (ఉబుంటులో ‘అడిషనల్ డ్రైవర్స్’) తెరిస్తే కావలసింది కనిపిస్తుంది.

డ్రైవర్ వేశాక కూడా రాకపోతే సెక్యూర్ బూట్‌ను (సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే రక్షణను) అనుమానించండి. ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీబూట్ అయ్యాక నీలం తెర వస్తుంది. అక్కడ ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. చాలామంది కంగారులో ‘కంటిన్యూ బూట్’ నొక్కేస్తారు. అలా చేస్తే డ్రైవర్ ఉన్నా లోడ్ అవదు.

సమస్య: విండోస్‌లోకి వెళితే గడియారం ఐదున్నర గంటలు తేడా

లినక్స్, విండోస్ రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటే వచ్చే సమస్య ఇది. ఈ ఐదున్నరే కారణం చెప్పేస్తోంది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం ఉంచుతుంది, విండోస్ మాత్రం అక్కడ ఉన్నది స్థానిక సమయమే అనుకుంటుంది. భారత కాలమానం యూటీసీకి 5.30 గంటలు ముందు. లినక్స్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ ఇస్తే ఇద్దరికీ రాజీ కుదురుతుంది. వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే మార్పులతో ఇబ్బంది రావచ్చని లినక్స్ హెచ్చరిస్తుంది. మన దేశంలో ఆ మార్పు లేదు కాబట్టి పర్వాలేదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం విండోస్‌నే యూటీసీకి మార్చుకోవడం మేలు.

ఐదున్నర గంటలు కాక, తేదీయే ఏళ్ల వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పితే బ్రౌజర్ ప్రతి సైటునూ సురక్షితం కాదంటుంది, అప్‌డేట్లూ ఆగుతాయి. నెట్ సమస్య అనుకుని రౌటర్‌ను తిట్టకండి.

విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు చదవడమే తప్ప రాయనివ్వకపోతే విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు.

సమస్య: తెలుగు ఫైలు ఇంగ్లిష్ గందరగోళంలా కనిపిస్తోంది

అక్షరాల బదులు డబ్బాలు వస్తే ఫాంటు లేదని అర్థం, ‘ఫాంట్స్-తెలు’ ప్యాకేజీ వేస్తే చాలు. డీటీపీ సెంటర్ నుంచి తెచ్చిన ఫైలు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులుగా కనిపిస్తే అది అను ఫాంట్లలో చేసిన పని అయివుండవచ్చు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి. ఎన్ని యూనికోడ్ ఫాంట్లు వేసినా అది చదవడానికి రాదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు చోటు మారాయేమో ఒకసారి చదివి చూసుకోవాలి.

టైపింగ్‌కు తెలుగు కీబోర్డు చేర్చినా ఇన్‌స్క్రిప్ట్ తప్ప ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) కనిపించకపోతే ‘ఐబస్-ఎం17ఎన్’ వేసి, లాగౌట్ అయి రండి. ఈ లాగౌట్ తప్పనిసరి. తర్వాత ఇన్‌పుట్ జాబితాలో తెలుగు కింద ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ రెండూ ఉంటాయి.