మాట మూలం – 9వ పాఠం: అడాప్ట్, అడ్యాప్ట్

పోయిన పాఠంలో అఫెక్ట్, ఎఫెక్ట్‌ల తేడా చూశాం. ఈసారి జంట ఇంకా చిక్కుది, ఎందుకంటే తెలుగులో రెండింటినీ మనం ‘అడాప్ట్’ అనే రాసేస్తున్నాం. కాబట్టి ముందు ఉచ్చారణ సరిచేసుకుందాం. మొదటిదాంట్లో ‘డా’ని ‘డాక్టర్’లో లాగే పలకాలి. స్పెల్లింగులో అక్కడ ‘ఓ’ ఉంటుంది. రెండోదాంట్లో ‘బ్యాంక్’లో ‘బ్యా’ లాంటి ధ్వని: అడ్యాప్ట్. అక్కడ ‘ఏ’. నాలుగైదుసార్లు పైకి అనండి, నోరు తేడా పట్టుకుంటుంది.

రెండూ లాటిన్‌లో పుట్టి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చాయి. ముందున్న ‘అడ్’ రెండింటికీ ఉమ్మడి. అసలు సంగతి వెనక ముక్కలో ఉంది.

అడాప్ట్‌లో ఉన్నది ‘ఒప్టారే’, అంటే కోరి ఎంచుకోవడం. కౌన్సెలింగ్‌లో మనం పెట్టే వెబ్ ఆప్షన్లలోని ‘ఆప్షన్’ కూడా ఈ ఇంటి మాటే. బిడ్డను దత్తత తీసుకోవడాన్ని ఇంగ్లీషులో అడాప్ట్ చేసుకోవడం అంటాం. రోమన్లలో దత్తత మామూలే. క్రీ.పూ. 44లో హత్యకు గురైన జూలియస్ సీజర్ వీలునామా తెరిస్తే, తోబుట్టువు మనవణ్ణి కొడుకుగా స్వీకరించినట్టు ఉంది. ఆ కుర్రాడే తర్వాత అగస్టస్ చక్రవర్తి అయ్యాడు. ఇక్కడ నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటి చెప్పాలి. మన ‘దత్త’ అనే సంస్కృత మాటకు అర్థం ‘ఇచ్చిన’. బిడ్డ ఒకటే, సంఘటన ఒకటే. మన మాట ఇచ్చినవాళ్ల చేతుల్ని చూసింది, లాటిన్ మాట ఎంచుకున్నవాళ్ల మనసును చూసింది.

పిల్లలనే కాదు, పద్ధతినీ, విధానాన్నీ అడాప్ట్ చేసుకోవచ్చు. మన రాజ్యాంగ ప్రవేశికలో 1949 నవంబరు 26 తేదీతో పాటు ఉన్న క్రియ ఇదే. మనమే ఎంచుకుని మనదిగా చేసుకున్నాం అని ఆ మాట చెబుతుంది.

అడ్యాప్ట్‌లో ఉన్నది ‘ఆప్టారే’, అమర్చడం. ఆప్టిట్యూడ్ టెస్టు దీని చుట్టమే: పనికి మనిషి ఎంత సరిపోతాడో చూసే పరీక్ష. ఫోన్ ఛార్జర్‌ను అడ్యాప్టర్ అనేదీ అందుకే. గోడలోని 230 వోల్టుల కరెంటును ఫోనుకు సరిపడేలా మారుస్తుంది. సైన్సు పాఠంలో ఎడారి ఒంటె గురించి చదివిన ‘అనుకూలనం’ కూడా ఇదే.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. కొత్త ఊరికి అలవాటు పడతానని చెప్పాలంటే ‘ఐ కెన్ అడ్యాప్ట్ టు ఎ న్యూ ప్లేస్’ అనాలి. ఆ ‘టు’ వదలకండి. అడాప్ట్‌కు మాత్రం ‘టు’ అక్కర్లేదు: ‘వుయ్ అడాప్టెడ్ ఎ న్యూ మెథడ్’.

అభ్యాసం. ఏది ఎక్కడ?
1. హాస్టల్ తిండికి అలవాటు పడింది.
2. ఆ దంపతులు పాపను పెంచుకున్నారు.
3. నవలను నాటకంగా మలిచారు.
4. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ వాడాలని నిర్ణయించింది.

జవాబులు 10వ పాఠం మొదట్లో.