గోట్‌హార్డ్ కనుమ మీదుగా, అమ్మానాన్నలతో

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే జ్యూరిక్‌లో ఉండే మనవాళ్ళం ముందు యుంగ్‌ఫ్రావ్ మంచుకొండకి తీసుకెళ్తాం. ఒక్క రోజు ఆల్ప్స్ కొండల్లోని గోట్‌హార్డ్ కనుమకి కూడా ఉంచండి. మోకాళ్ళ నొప్పులున్నా ఫర్వాలేదు, బస్సే పైదాకా ఎక్కిస్తుంది.

రైలు మాత్రం చూసి ఎక్కండి. దక్షిణాన లుగానో వైపు వెళ్ళే వేగం రైళ్ళు 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల సొరంగంలో దూరిపోతాయి, కొండలు కనబడవు. గోషెనెన్‌లో ఆగే రైలే మనకి కావాలి. దారిలో వాసెన్ ఊరి తెల్లటి చర్చి కోసం కిటికీలోంచి చూస్తూ ఉండండి. పట్టాలు కొండ లోపల చుట్లు తిరుగుతూ ఎక్కుతాయి కాబట్టి అదే చర్చి మొదట మనకంటే పైన, తర్వాత మన ఎత్తులో, చివరికి కింద కనిపిస్తుంది. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన మా నాన్న మూడోసారి చూశాక సీట్లోంచి లేచి నిలబడిపోయారు.

గోషెనెన్‌లో దిగి పళ్ళచక్రం రైల్లో ఆండర్‌మాట్ చేరుకోండి. నడవగలిగినవాళ్ళు అక్కడినుంచి దెయ్యం వంతెన దాకా వెళ్ళొచ్చు. 1799లో రష్యా సేనాని సువోరోవ్ సైన్యం ఫ్రెంచివాళ్ళతో పోరాడింది ఆ వంతెన ఉన్న లోయలోనే.

కనుమ రోడ్డు చలికాలమంతా మంచుతో మూసి ఉంటుంది. మామూలుగా మే చివర్లోనో జూన్‌లోనో తెరుస్తారు. ఆండర్‌మాట్ నుంచి కనుమకి ఎక్కే పసుపు రంగు పోస్ట్ బస్సులు రోజుకి కొన్నే, అందుకే వేళలు ముందే చూసుకోండి.

పైన ఎత్తు 2,106 మీటర్లు. జూలైలో కూడా గాలి కోసేస్తుంది; అమ్మకి శాలువా, నాన్నకి మంకీ క్యాప్ తప్పనిసరి. చెరువు గట్టున కూర్చుని పులిహోర తినండి. ఇటు ఉత్తరాన రాయిస్ నది నీళ్ళు రైన్‌లో కలిసి ఉత్తర సముద్రానికి, అటు దక్షిణాన టిచీనో నీళ్ళు పో నదిలో కలిసి ఏడ్రియాటిక్‌కి పోతాయి. మా నాన్న నోట్‌బుక్ తీసి బొమ్మ గీసుకున్నారు.

కారుంటే ట్రెమోలా మీదుగా దిగండి. రాళ్ళు పరిచిన పాత రోడ్డు, 24 మలుపులు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టండి.

అటువైపు ఊరు ఐరోలో, మాటలన్నీ ఇటాలియన్‌లోనే. స్టేషన్ దగ్గర విన్సెంజో వేలా చెక్కిన శిల్పం చూడకుండా రావద్దు: చనిపోయిన కూలీని తోటివాళ్ళు మోసుకొస్తుంటారు. 1872 నుంచి 1882 దాకా 15 కిలోమీటర్ల పాత రైలు సొరంగం తవ్వుతూ దాదాపు 200 మంది పోయారు. తిరుగు రైలు ఆ సొరంగంలోంచే వెళ్తుంది.