కిటికీలున్నా ఇంట్లో గాలి ఆడటం లేదా?

గాలి లోపలికి రావాలంటే లోపలున్న గాలి బయటికి పోయే దారి ఉండాలి. ఒక్క కిటికీ బార్లా తెరిచి ఊరుకుంటే పెద్దగా లాభం ఉండదు. కింది తిప్పలు చాలావరకు దీనివల్లే వస్తాయి.

సమస్య: పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటుంది, గదంతా ముక్కిన వాసన.

కారణం: అన్నీ బిగించుకుని పడుకోవడం. బయటి గాలిలో పది లక్షల భాగాలకు కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 భాగాలు ఉంటుంది. ఇద్దరు పడుకున్న మూసిన గదిలో తెల్లారేసరికి అది 2,000 దాటగలదు. ఏసీ ఉంది కదా అనుకోకండి. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు.

పరిష్కారం: కిటికీ కొద్దిగా తెరిచి, ఎదురుగా ఉన్న తలుపునూ ఓరగా వదలండి.

సమస్య: బీరువా వెనక, గది మూలల్లో నల్లటి బూజు మచ్చలు.

కారణం: రెండిట్లో ఏదో ఒకటి. గదిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి చెమ్మవుతూ ఉండాలి, లేదా గోడలోంచే నీరు ఊరుతూ ఉండాలి. ఏదో తేల్చుకోకుండా పెయింటర్‌ని పిలవకండి. రెండుసార్లు రంగు వేయించాక గానీ నాకు బుద్ధి రాలేదు. గోడ తుడిచి ఆరాక, అడుగు చదరం పాలిథిన్ కవరును నాలుగు అంచులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. చెమ్మ కవరుకు గది వైపు పడితే తప్పు గది గాలిది, గోడ వైపు పడితే ఊటది.

పరిష్కారం: ఊట అయితే ఎన్ని కిటికీలు తెరిచినా తగ్గదు, ప్లంబర్‌కి చూపించాలి. ఆవిరి అయితే బీరువాను గోడకు జానెడు దూరం జరపండి, తడి బట్టలు గదిలో ఆరేయకండి. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టుకుని తేమ 60 శాతం దాటకుండా చూసుకోండి.

సమస్య: ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది, వంటింట్లో పొగ మాత్రం పోదు.

ముందు టిష్యూ కాగితం దగ్గర పెట్టి చూడండి. లాక్కోకపోతే రెక్కల జిడ్డు కడగాలి. లాక్కుంటున్నా పొగ ఉంటే, ఫ్యాన్ పక్క కిటికీ తెరిచి ఉందేమో చూడండి. ఫ్యాన్ ఆ కిటికీ గాలినే లాగి బయట పారేస్తుంది, పొయ్యి మీది పొగ అక్కడే ఉండిపోతుంది. దాన్ని మూసి, దూరంగా ఉన్నది తెరవండి.

గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలో తల తిరిగినా, వికారంగా ఉన్నా ఈ పరీక్షలేవీ వద్దు. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. వెంటనే బయటికి వచ్చి డాక్టర్‌ని కలవండి. గీజర్‌ను బాత్రూం బయటికి మార్పించేదాకా వెలిగించకండి.