కడుపులోనే పోయిన బిడ్డకు బట్టలు: కొలతలు, కుట్టే పద్ధతి

బిడ్డ పుట్టకముందే కొత్త గుడ్డలు కొనకూడదని మనవైపు చాలా ఇళ్లలో పట్టింపు. అందుకే కడుపులోనే బిడ్డ పోతే ఆ క్షణాన తల్లిదండ్రుల చేతిలో చిన్న గుడ్డముక్క కూడా ఉండదు. లేబర్ రూమ్‌లో సిద్ధంగా ఒక జత ఉంటే అదే బిడ్డకు మొదటి బట్ట, చివరి బట్ట. ఇలాంటి జతలు కుట్టి విజయవాడ పాత ప్రభుత్వాసుపత్రికి ఇవ్వాలనుకున్నా, గుంటూరు ప్రభుత్వాసుపత్రికి (జీజీహెచ్) ఇవ్వాలనుకున్నా ముందు ప్రసూతి విభాగం వాళ్లను కలిసి అనుమతి తీసుకోండి. ఏ సైజులు కావాలో ఇన్‌చార్జి సిస్టర్‌ను అడిగాకే గుడ్డ కొనండి. అడగకుండా కుడితే అందరూ నెలలు నిండిన బిడ్డ సైజే కుడతారు, ఆరో నెల బిడ్డకు ఏమీ మిగలదు.

ఇవి మామూలు పసిబట్టలు కావు. గుండె ఆగిన కొన్ని గంటలకే బిడ్డ చర్మం పైపొర వదులవుతుంది. రోజులు గడిచిన కొద్దీ పొక్కులు లేచి, కాస్త రాసుకున్నా ఊడి వస్తుంది, తడి ఊరుతుంది. కాబట్టి తల మీదుగా తొడిగేవి, చేతులు దూర్చేవి, ఎలాస్టిక్ ఉన్నవి వద్దు. జబ్లా వెనక తెరిచే ఉన్నా చేతులు దూర్చక తప్పదు కనుక అదీ వద్దు. అల్లికలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ ఊలు తడి చర్మానికి అంటుకుంటుంది, కంతల్లో చిట్టి వేళ్లు ఇరుక్కుంటాయి. అల్లడమే వచ్చినవాళ్లు కంతలు లేకుండా నూలు దారంతో పైన కప్పే దుప్పటి మాత్రం అల్లవచ్చు.

గుడ్డ మల్ కాటన్ (పలుచని, మెత్తని నూలు గుడ్డ) అయితే మేలు. విజయవాడ వన్‌టౌన్‌లోని బట్టల మార్కెట్ వస్త్రలతలో తాను లెక్కన దొరుకుతుంది. మంగళగిరి నూలు కూడా బాగుంటుంది, జరీ అంచు మాత్రం కత్తిరించి తీసేయాలి, గీసుకుంటుంది. పాలిస్టర్ కలిసినది తడి పీల్చదు, మట్టిలో కలవదు. రంగు తెలుపు, మీగడ రంగు, లేత పసుపు చాలు. కోసే ముందు రాత్రంతా నానబెట్టి వేడినీళ్లలో ఉతికి గంజి వదిలించండి. ఈ పని దాటేసి కోస్తే తరువాత గుడ్డ కుంచించుకుని కొలతలన్నీ తప్పుతాయి.

24 వారాల బిడ్డ సుమారు 30 సెంటీమీటర్లు, 28 వారాలకు 37, నెలలు నిండితే 50 ఉంటుంది. దుప్పటికి కోసే చదరం వరుసగా 18, 24, 36 అంగుళాలు. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న గుడ్డ అర మీటరు తీసుకుంటే 18 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి, అంటే రెండు పొరల చిన్న దుప్పటి ఒకటి. పక్కన మిగిలే పట్టీ నాడాలకు సరిపోతుంది.

బట్టకు ముందు పలక, వెనక పలక విడివిడిగా కుట్టాలి. బిడ్డను వెనక పలక మీద పడుకోబెట్టి, ముందు పలక పైన పరిచి, భుజాల దగ్గర, పక్కల ముడి వేస్తారు. ఎక్కడా లాగే పని లేదు. కోత కొలతలు: 24 వారాలకు 8×11 అంగుళాలు, 28 వారాలకు 10×14, నెలలు నిండిన బిడ్డకు 14×19. ఒక్కో పలకకు రెండు పొరలు, మొత్తం నాలుగు ముక్కలు. మధ్య సైజుకు మెడ 3 అంగుళాల వెడల్పు, ముందు ఒకటిన్నర లోతు, వెనక అర అంగుళం. ఎనిమిదేసి అంగుళాల నాడాలు ఎనిమిది కావాలి.

రెండు పొరలను మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, నాడాల ఒక కొస అంచుకు ఆనించి, మిగతాది పొరల మధ్యకు, లోపలికి మడిచి పెట్టి, అర అంగుళం వదిలి చుట్టూ కుట్టండి. కింద రెండంగుళాలు తెరిచి ఉంచి అందులోంచి తిరగేయాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే: నాడా వదులు కొస బయటికి ఉంటే తిరగేశాక అది లోపల చిక్కుకుంటుంది, మొత్తం విప్పుకోవాల్సిందే. మెడ వంపు దగ్గర అర అంగుళానికొక గాటు, కుట్టుకు తగలకుండా, పెట్టకపోతే ముడతలు పడుతుంది. మూలలు కత్తిరించి తిరగేసి, అంచు వెంట పైకుట్టు వేయండి. ఓవర్‌లాక్ దారం చర్మానికి గరుకు. గుండీలు, వెల్క్రో, పిన్నీసులు వద్దు.

తలకు టోపీ కన్నా మూడుకోణాల గుడ్డ నయం, ఎందుకంటే తల ఆకారం మారి ఉండవచ్చు, వాచి ఉండవచ్చు. 14 అంగుళాల చదరాన్ని ఐమూలగా కోస్తే రెండు వస్తాయి. తడి పీల్చడానికి దుప్పటి లోపల పరిచే ఫ్లానెల్ ముక్కలు రెండు విడిగా ఉంచండి, సిస్టర్ మార్చుకుంటుంది. బట్టకు వాడిన గుడ్డతోనే నాలుగంగుళాల చదరాలు రెండు కుట్టి జతచేయండి. ఒకటి బిడ్డతో వెళుతుంది, రెండోది తల్లి దగ్గర ఉంటుంది. కావాలో వద్దో ఆమె ఇష్టం. వద్దన్న తల్లి నెల తర్వాత అడగవచ్చు కాబట్టి ఆ ముక్కను కొన్నాళ్లు దాచి ఉంచమని సిస్టర్‌తో చెప్పండి.

ముస్లిం కుటుంబాలు కుట్టు లేని తెల్లగుడ్డే కోరవచ్చు, మీటరు ముక్కలు కొన్ని ఉతికి మడిచి ఇవ్వండి. ఏ మతం గుర్తూ, ఓదార్పు మాటా బట్ట మీద కుట్టకండి. 

చివరిసారి సబ్బుతో ఉతికి, కంఫర్ట్ లాంటివి వేయకుండా, ఎండలో ఆరేసి ఇస్త్రీ చేయండి. వానాకాలంలో చెమ్మతో మడిస్తే బూజు పడుతుంది. కలరా ఉండలు పెట్టకండి, వాసన వదలదు. ఒక్కో జతను జిప్ కవర్లో పెట్టి, పైన వారాలు, సెంటీమీటర్లు మాత్రం రాయండి. ఎవరి కోసమో కవరు మీద ఉండకూడదు, అదే వార్డులో కాన్పుకు ఎదురుచూసేవాళ్లు ఉంటారు. ఇచ్చేటప్పుడు కూడా ఓపీ దగ్గర కాకుండా లేబర్ రూమ్ ఇన్‌చార్జి సిస్టర్ చేతికే ఇవ్వండి. ఫొటోలు తీయకండి. ఏ సైజు ముందు అయిపోతుందో ఆమెను అడిగి తెలుసుకుంటే తరువాతి విడతకు గుడ్డ వృథా కాదు.