నీలం లేబుల్ చూసి ఊరుకోకండి

పాత అమెరికన్ కామిక్స్ కొని అమ్మేవాళ్లకు ఒక మాట. సీజీసీ అంటే కామిక్స్‌ను పరీక్షించి, గ్రేడ్ నంబరు ఇచ్చి, ప్లాస్టిక్ కేసులో పెట్టి ఇచ్చే అమెరికన్ కంపెనీ. ఆ కేసు మీద ఊదా లేబుల్ ఉంటే రంగు పూయడమో, చిరుగు అతికించడమో, అంచు కత్తిరించడమో జరిగిందని లెక్క. అది అందరికీ తెలిసిందే. తికమకంతా, అలాంటి మరమ్మతులేవీ లేని మామూలు పుస్తకాలకిచ్చే నీలం లేబుల్ దగ్గరే. బాగా పాత పుస్తకంలో రంగో జిగురో మరీ కొంచెమే ఉంటే ఒక్కోసారి నీలం లేబుల్ మీదే చిన్న అక్షరాల్లో రాసి ఇచ్చేస్తారు. గ్రేడ్ నంబరు ఫొటో ఒక్కటే పెడితే ఆ ముక్క ఎవరికీ కనబడదు. లేబుల్ మొత్తం ఫొటో తీయండి.

ఇక ప్రెస్సింగ్. వేడి, తేమ, ఒత్తిడితో కవర్ మీది సొట్టలు చదును చేయడం. సీజీసీ దీన్ని రెస్టోరేషన్‌గా, అంటే రంగు, అతుకుల్లాంటి మరమ్మతుగా చూడదు, లేబుల్ మీద రాయదు. అంటే మీరు చెప్తేనే తెలుస్తుంది. నేనోసారి కొనేవాయన అడిగాక చెప్పాను. బేరం చెడలేదు గానీ, "ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాడు. అప్పట్నుంచి ప్రకటనలోనే రాసేస్తున్నా: "ప్రెస్ చేయించాను, రంగు పూయలేదు." తెలియకపోతే "నేను చేయించలేదు, ముందువాళ్ల సంగతి తెలియదు" అని రాస్తే చాలు.

కేసు పగలగొట్టి పుస్తకం బయటికి తీస్తే లేబుల్ పారేయకండి, పుస్తకంతోనే ఇవ్వండి. కేసు లేని పుస్తకమైతే కవర్ తెరిచి, వెన్ను దగ్గర లోపలివైపు టార్చ్ వేసి చూడండి. బయట నల్ల ఇంకు పూసి ఉంటే చాలాసార్లు అక్కడికి ఇంకి మరక కనిపిస్తుంది.