కొత్త సంగీతం, ఫ్రీ కచేరీ వీడియోలు ఎలా వెతకాలంటే

యూట్యూబ్ మనం విన్నవాటి చుట్టూనే తిప్పుతుంటుంది, కాబట్టి కొత్తది కావాలంటే మనమే పూనుకోవాలి. నన్నడిగితే ముందు టైనీ డెస్క్ అనే చిన్న కచేరీల వరస చూడండి. 2008లో వాషింగ్టన్‌లో ఎన్‌పీఆర్ అనే అమెరికా రేడియో సంస్థ ఆఫీసులో మొదలైంది. నిండుగా ఉన్న అరల ముందు, ఒక డెస్క్ వెనక ఇరుక్కుని పాడతారు, స్టేజీ హంగులేవీ ఉండవు, అందుకే గొంతులో చిన్న జీర కూడా స్పష్టంగా వినిపిస్తుంది. బ్యాండ్లు ఇష్టమైతే సియాటిల్ రేడియో కేఈఎక్స్‌పీ ఛానల్ ఉంది.

శాస్త్రీయ సంగీతానికి బ్రిటన్‌లో జరిగే దర్బార్ ఫెస్టివల్ వీడియోలు నాకు ప్రాణం. హిందుస్తానీ, కర్ణాటకం రెండూ ఉంటాయి, కెమెరా వేళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి వీణ మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, ఎలా పలుకుతుందో కళ్లారా చూడొచ్చు. పాత దూరదర్శన్, ఆకాశవాణి కచేరీలకైతే ప్రసార భారతి ఆర్కైవ్స్ ఛానల్.

ఇంకో పద్ధతి, ఇది నిజంగా పనిచేస్తుంది: కచేరీ నచ్చితే కింద డిస్క్రిప్షన్ తెరిచి మృదంగం ఎవరు, వయొలిన్ ఎవరు చూసి, ఆ పేరుతో మళ్లీ వెతకండి. వాళ్లు ఇంకెందరికో వాయించి ఉంటారు, అలా ఒక్క వయొలిన్ విద్వాంసుడి పేరు పట్టుకుని వెళ్తే మీరెప్పుడూ వినని గాయకులు నలుగురైనా దొరుకుతారు. వెతికేటప్పుడు పేరు పక్కన 'ఫుల్ కాన్సర్ట్' అని కొట్టి, ఫిల్టర్లో ఎక్కువ నిడివి ఉన్నవి ఎంచుకుంటే ముక్కలు తగ్గుతాయి.

ఆడియో చాలనుకుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్‌లో లైవ్ మ్యూజిక్ విభాగం ఉంది. రికార్డింగుకు ఒప్పుకున్న బ్యాండ్లవే అక్కడ పెడతారు, కాబట్టి నిశ్చింతగా వినండి.